వికటకవిని కంప్యూటరు ఎందుకు కాదంది?



ఈవేళ వంటల గురించీ కుట్లూ అల్లికల గురించీ కాకుండా, మన పిల్లలు రాత్రి పన్నెండు దాటినా దీపం ఆర్పకుండా కుస్తీ పట్టే కోడింగు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "ఆ గొడవ మనకెందుకమ్మా" అని రేడియో కట్టేయకండి. నేనూ పదో తరగతితో బడి మానినదాన్నే. నాకు బోధపడినంత మీకూ పడుతుంది.

ఏ వీధిలో చూసినా ఇంజనీరింగో, బి.యస్సీ కంప్యూటర్సో చదివే పిల్ల ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటోంది. ఫీజుకి డబ్బు సర్దేది మనమే, వేళకి కంచంలో అన్నం పెట్టేదీ మనమే. కానీ ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని కూర్చుంటే "ఏమయిందే?" అని అడగడానికి జంకుతాం. చెప్పినా మనకు అర్థం కాదని ముందే అనేసుకుంటాం. ఆ పిల్లా అలాగే అనుకుని చెప్పడం మానేస్తుంది.

కంప్యూటరు గురించి ముందు ఒక్క సంగతి తెలిస్తే చాలు. దానికి సొంత బుద్ధి లేదు. ప్రోగ్రాములో ఏది రాస్తే అదే చేస్తుంది, మన మనసులో ఉన్నది చెయ్యదు. "ఉప్పు తగినంత" అని మనం వంటల పుస్తకంలో రాసుకుంటాం చూడండి, ఆ "తగినంత" అన్నమాట దానికి తెలియదు. ఎన్ని చెంచాలో, ఎప్పుడు వెయ్యాలో, వెయ్యకూడనిది ఎప్పుడో అన్నీ వరసగా చెప్పాలి. అలా వరసగా చెప్పడమే ప్రోగ్రాము. చెప్పడానికి వాడే భాషలు చాలా ఉన్నాయి. ఇప్పుడు పిల్లలకి ఎక్కువగా నేర్పుతున్నది పైథాన్. గిడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు 1991లో దాన్ని బయటపెట్టాడు. కొండచిలువకీ దానికీ సంబంధం లేదు, తనకి నచ్చిన ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం పేరు పెట్టుకున్నాడట!

ఆ భాషల్లో "వేరియబుల్" అని ఒకటుంటుంది. పేరు చూసి భయపడకండి, పేరు రాసి పెట్టుకున్న డబ్బా లాంటిది. మొదట్లో ప్రతి పిల్లకీ ఇచ్చే లెక్క ఒకటి చెబుతాను. చెంబులో పాలున్నాయి, గిన్నెలో మజ్జిగ ఉంది. పాలు గిన్నెలోకీ మజ్జిగ చెంబులోకీ మార్చాలి. మీరైతే ఏం చేస్తారు? ఆలోచించకుండానే మూడో గిన్నె అందుకుంటారు. చాలామంది పిల్లలు అక్కడే బోల్తా పడతారు. కంప్యూటరులో ఒక డబ్బాలోకి కొత్తది పోస్తే పాతది విరగదు, కలవదు, ఊరికే మాయమవుతుంది. మజ్జిగ పోయి రెండింటా పాలే మిగులుతాయి. పైథాన్‌లో ఈ మార్పిడి ఒక్క వరసలో రాసెయ్యవచ్చు, మూడో గిన్నె సంగతి అదే చూసుకుంటుంది. ఆ సుఖం వల్ల అసలు కిటుకు పిల్లలకి తెలియకుండా పోతోందేమో అని నా అనుమానం.

డబ్బాలో ఉన్నది అంకెా అక్షరమా అన్నది కూడా దానికి పట్టింపే. మీటలు నొక్కి మనం ఇచ్చినదాన్ని పైథాన్ ముందు అక్షరాల కిందే జమకడుతుంది. అంకెగా మార్చమని చెప్పకుండా 2నీ 3నీ కలపమంటే, అయిదు అనదు, ఇరవై మూడు అంటుంది. పక్క పక్కన అతికించిందన్నమాట.

ఇక అసలు కథకి వస్తాను. మా ఆడపడుచు కూతురు ఇంజనీరింగు రెండో సంవత్సరం. పది దాకా తెలుగు మీడియం. దసరా సెలవులకి మా ఇంటికొచ్చి, రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోనాడు "అత్తయ్యా, నేనీ చదువు మానేస్తాను, నాకు కోడింగు రాదు" అంది. వాళ్ళమ్మ అప్పటికే ఫోనులో ఏడ్చింది. ఫీజు కోసం అప్పు చేశారు పాపం. మానేస్తే ఆ అప్పు తీర్చడం ఒక ఎత్తు, పిల్ల మనసు ఒక ఎత్తు.

ఏమిటే రానిది అని అడిగాను. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే అయ్యే మాటని పట్టుకునే ప్రోగ్రాము రాయమన్నారట. పాలిండ్రోమ్ అంటారు. ఇంగ్లీషులో "మేడమ్" అన్న మాట అలాంటిది. చెయ్యవలసింది సులువే. మాటని వెనక్కి తిప్పి, మొదటిదానితో సరిపోల్చడం. తను రాసింది "మేడమ్"కి "అవును" అంది. సంబరపడి, అందరి ముందూ "వికటకవి" అని తెలుగులో కొట్టింది. తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిందని మనం చెప్పుకునే బిరుదు కదా, ఎటు చదివినా ఒకటే. కంప్యూటరు "కాదు" అంది! పక్కవాళ్ళు "తెలుగు మీడియం ప్రోగ్రాము" అని నవ్వారట. ఆ నవ్వే దాని గుండెల్లో కూర్చుంది.

తప్పుల్లో మూడు రకాలున్నాయని అదే నాకు చెప్పింది. ఒక కోలన్ పెట్టడం మరిచిపోతే, ప్రోగ్రాము అసలు మొదలే కాదు, ఫలానా వరస చూసుకో అంటుంది. అది మంచి తప్పు. రెండో రకం నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగేది. మూడోది అన్నిటికన్నా గడ్డుది. ఆగదు, అరవదు, నింపాదిగా తప్పు జవాబు చెబుతుంది. వికటకవిది ఆ మూడో రకం. ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

నేను అడిగింది ఒక్కటే. "'వి' రాయడానికి ఎన్ని మీటలు నొక్కావు?"

"రెండు. ముందు 'వ', తరవాత గుడి."

"మరి వెనక్కి తిప్పితే ఏది ముందొస్తుంది?"

పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది. వెంటనే కంప్యూటరు తెరిచి, తిప్పిన మాటని అచ్చువేయించి చూసింది. మొట్టమొదట చుక్కల సున్నా మీద ఒంటరిగా ఒక గుడి కూర్చుని ఉంది, దాని వెనక 'వ' ఉంది.

సంగతేమిటంటే, ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి యూనికోడ్ అని ఒక పట్టిక ఉంది. అందులో ప్రతి గుర్తుకీ ఒక నంబరు. తెలుగుకి 128 గళ్ళు కేటాయించారు. మన గుణింతాలూ వొత్తులూ అన్నిటికీ విడివిడిగా నంబర్లివ్వాలంటే వేలకి వేలు కావాలి. అంచేత హల్లుకి ఒకటి, గుడికి ఒకటి, కొమ్ముకి ఒకటి, సున్నకి ఒకటి, ఇలా విడదీసి పెట్టారు. 'వ' నంబరు 3125, గుడి నంబరు 3135. మనకి 'వి' ఒక అక్షరం, కంప్యూటరుకి అది రెండు. వికటకవి మన లెక్కన అయిదు, దాని లెక్కన ఏడు. ఆ ఏడింటినీ తిప్పితే గుడి ముందుకొచ్చేసింది, మాట మారిపోయింది. "జలజ" అని కొట్టి చూడమన్నాను. అందులో గుడీ లేదు, కొమ్మూ లేదు. "అవును" అంది! "కనక" అన్నా, "సరస" అన్నా "అవును" అంది.

చూశారా, పిల్ల ప్రోగ్రాము చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. "అక్షరం" అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇంగ్లీషు మాటలతోనే పరీక్షించి ఊరుకున్నవాళ్ళకి ఈ లోపం జన్మలో కనబడదు. నవ్విన పిల్లల ప్రోగ్రాముల్లోనూ అదే లోపం ఉంది, వాళ్ళు అడగలేదు గనక తెలియలేదు.

సరిచెయ్యడం మాత్రం ఒక్క పూటలో తేలలేదు. మాటని గుర్తు గుర్తుగా చూసుకుంటూ వెళ్ళాలి. గుణింతపు గుర్తు ఎదురైతే కొత్త అక్షరంగా లెక్కపెట్టకుండా ముందున్న అక్షరానికి అంటించాలి. ఇలా రాసేసరికి వికటకవి అయిదు ముక్కలైంది. మొదటి ముక్కని చివరి ముక్కతో, రెండోదాన్ని చివరినుంచి రెండోదానితో పోల్చాలి. నడిమి 'ట'కి జత అక్కర్లేదు. ఇక్కడ రెండో రకం తప్పు వచ్చింది, ప్రోగ్రాము మధ్యలో ఆగి "లిస్ట్ ఇండెక్స్ ఔటాఫ్ రేంజ్" అంది. పైథాన్ ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి మొదలెడుతుంది. అయిదు ముక్కలంటే సున్నా నుంచి నాలుగు దాకా. అయిదోది ఇమ్మంటే ఎక్కడినుంచి తెస్తుంది? మేడ మీద ఇళ్ళలో నేల అంతస్తుని లెక్కలోకి తీసుకోం కదూ, ఇదీ అలాంటిదే.

అది సర్దాక "నందనం" ఇచ్చాను. కాదంది. సున్న అతుకుడు గుర్తుల్లో చేర్చలేదు. చేర్చింది, అవునంది. తరవాత "అమ్మ"లో ఎన్ని అక్షరాలో చెప్పమన్నాను. మూడంది! మ వొత్తు యూనికోడ్‌లో వొత్తుగా ఉండదట. 'మ', దానికో పొల్లు, మళ్ళీ 'మ'. పొల్లుని ముందుదానికి అంటించింది గానీ, పొల్లు తరవాత వచ్చే హల్లుని కూడా అక్కడే అంటించమని చెప్పలేదు. ఆ ఒక్క వరసా రాశాక, రాత్రి పదకొండింటికి, "అమ్మ" రెండక్షరాలైంది. మానేస్తానన్న మాట ఆ పిల్ల మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇందులో నేను చేసింది కోడింగు కాదు సుమండీ. ఎదురుగా కూర్చుని "తరవాత? తరవాత?" అన్నాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఇదొక పద్ధతేనట. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ అనే ఇద్దరు రాసిన పుస్తకంలో ఉంది. బల్లమీద రబ్బరు బాతుబొమ్మని పెట్టుకుని, దానికి వరసవరసా వివరిస్తే, చెబుతూ చెబుతూ ఉండగానే తప్పు బయటపడుతుందట. బాతు కంటే మనం నయం కదా, మధ్యలో కాఫీ కూడా ఇస్తాం. మీ పిల్లలు చిక్కుపడినప్పుడు "నాకేం తెలుసు" అనకుండా, "ఈ వరసలో ఏం జరుగుతుంది? ఇప్పుడు ఏ డబ్బాలో ఏముంది?" అని అడగండి. జవాబు మీకు పూర్తిగా అర్థం కాకపోయినా నష్టం లేదు. వాళ్ళు తడబడిన చోట మాత్రం ఇంకోసారి చెప్పించుకోండి.

ఆడపిల్లలకి ఇది పట్టుబడదనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే తొలితరం యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు, దానికి ప్రోగ్రాములు తయారుచేసినవారు ఆరుగురు ఆడవాళ్ళు. మనుషులకి తెలిసే మాటల్లో రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్లకి 1950లలో దారి వేసినవారిలో ముందుండే పేరు గ్రేస్ హాపర్, ఆవిడా స్త్రీయే. అలాంటి పెద్దలతో వాదన పెట్టుకోకండి, ఈ రెండు ముక్కలూ చెప్పి కాఫీ ఇవ్వండి.

మా మేనకోడలు మొన్న ఫోను చేసింది. ఇప్పుడు "సాఫ్ట్‌వేర్" అన్న మాట దగ్గర ఆగిందట. ట కింద వ వొత్తు పడకుండా ఆపడానికి ఆ మాట మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి కొడతారు, దానికీ నంబరుంది, 8204. దాన్ని ఏ అక్షరానికి అంటించాలా అని ఆలోచిస్తోంది. నన్నడిగితే, "ముందు వరస చదువు, వింటాను" అన్నాను.