బెంగళూరులో అద్దె ఇల్లు



మన పిల్లలు ఉద్యోగాలకని బెంగళూరు పోతున్నారు. అక్కడ ఇల్లు వెదికేవాణ్ణి కుంగదీసేది అద్దెకన్నా అడ్వాన్సు. పది నెలల అద్దె ముందే అడగడం ఆ ఊరి పాత ఆచారం. అంటే నెలకు 15,000 రూపాయల ఇంటికి లక్షా యాభై వేలు! ఇంకా మొదటి జీతమైనా చూడని కుర్రవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? తల్లి నగలు తాకట్టుకు పోయేది ఇక్కడే. 2021 నాటి కేంద్రప్రభుత్వ నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. కాని రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలగును. కనుక బేరం మనమే ఆడాలి; ఐదారు నెలలకు ఒప్పుకొనేవారూ లేకపోలేదు. ఖాళీ చేసేనాడు రంగుల ఖర్చని ఒక నెల అద్దె కోస్తారు, అదెంతో ముందే ఒప్పందంలో రాయించుకోండి. సొమ్ము చేతికివ్వక బ్యాంకు ద్వారా పంపితే, తిరిగి అడిగేనాడు రుజువుంటుంది.