జీతాన్ని బట్టి చందా, అలవాట్లను బట్టి కాదు

(కార్మికుల ఆరోగ్య భద్రతపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మేము ప్రస్తావించదలచిన విషయం వినగానే న్యాయంగానే తోస్తుంది. పొగ తాగేవారు, బరువు పెరిగినవారు, వ్యాయామం చేయనివారు ఆరోగ్య బీమాకు ఎక్కువ సొమ్ము చెల్లించాలని, నియమంగా జీవించేవారు తక్కువ చెల్లిస్తే చాలునని కొందరు యజమానులు అంటున్నారు. మద్యాన్ని నిషిద్ధంగా ఎంచే మన ఇళ్లలో ఈ మాటకు తల ఊపడం సహజమే. మేమూ మొదట తల ఊపినవాళ్లమే. అయితే ఈ పద్ధతి బలంగా పాతుకున్న దేశంలో ఏమి జరిగిందో తెలుసుకున్నాక మా అభిప్రాయం మారింది.

అమెరికాలో ఉద్యోగ వయసువారిలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా యజమాని ద్వారానే లభిస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన పిల్లల పరిస్థితీ అదే. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం ప్రకారం ఉద్యోగి బీమాకయ్యే మొత్తం ఖర్చులో 30 శాతం వరకు, పొగాకు విషయంలో 50 శాతం వరకు తేడా చూపే వీలు యజమానికి ఉంది. దానిని కొందరు బహుమతి అంటారు, కొందరు జరిమానా అంటారు. పేరు ఏదైనా కోత పడేది జీతంలోనే.

2013లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ తన ఉద్యోగులకు ఒక ఆరోగ్య ప్రశ్నావళి ఇచ్చింది. పూర్తి చేయనివారికి నెలకు 100 డాలర్ల కోత అని ప్రకటించింది. గర్భం ధరించే ఆలోచన ఉందా అని మహిళలను అడిగిన ప్రశ్న కూడా అందులో ఉంది. ఉద్యోగులు తిరగబడడంతో ఆ కోతను ఉపసంహరించుకోవలసి వచ్చింది. 2018లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం ఉపాధ్యాయులను ఒక ఆరోగ్య యాప్‌లో చేరి పాయింట్లు సంపాదించమన్నది. చేరనివారికి నెలకు 25 డాలర్ల అదనపు భారం తప్పదన్నది. జీతాల పెంపు, బీమా ఖర్చులతో పాటు ఈ యాప్ కూడా వారి ఆగ్రహానికి కారణమైంది. ఆ ఫిబ్రవరిలో రాష్ట్రంలోని 55 కౌంటీలలోనూ బడులు మూతపడ్డాయి. ప్రభుత్వం యాప్ పథకాన్ని విరమించుకుంది, జీతాలను 5 శాతం పెంచింది.

పోనీ, ఇటువంటి పథకాలతో ఆరోగ్యమైనా బాగుపడిందా? సుమారు 33,000 మంది పనిచేసే ఒక పెద్ద దుకాణాల సంస్థలో హార్వర్డ్, షికాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారి సంఖ్య పెరిగింది. ఏడాదిన్నర తరువాత చూస్తే రక్తపోటులో గాని, కొలెస్ట్రాల్‌లో గాని, వైద్య ఖర్చులో గాని చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇక అలవాటు అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. శరీర బరువును కొలబద్దగా పెట్టారనుకోండి. దక్షిణాసియా ప్రజలకు తక్కువ బరువు దగ్గరే మధుమేహం వచ్చే ప్రమాదం ఎక్కువ. అది పుట్టుకతో వచ్చినదే గాని క్రమశిక్షణ లోపం కాదు.

పొగాకునే తీసుకుందాం. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలో మన అక్కచెల్లెళ్లు ఎందరో ఇంటి పట్టునే బీడీలు చుడుతున్నారు. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, వెయ్యికి ఇంత అని కూలి తీసుకుంటారు. జీవితంలో ఒక్క బీడీ వెలిగించి ఉండరు. అయినా పొగాకు ధూళి శ్వాస ద్వారా, చర్మం ద్వారా వారి ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది. పొగ తాగేవారిని పట్టుకోవడానికి చేసే నికోటిన్ పరీక్ష ఆ తల్లికి చేస్తే యంత్రం ఏమి చెబుతుంది? ఆమె ఒంట్లో పొగాకు ఉందని చెబుతుంది. అది ఆమె అలవాటు కాదని, ఆమె బతుకుతెరువని యంత్రానికి తెలియదు. పని వల్ల వచ్చిన జబ్బుకు పని చేసినవారినే దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం?

మన దేశంలోనూ వెల్‌నెస్ పాయింట్ల పేరిట ప్రీమియంలో తగ్గింపు ఇచ్చే పాలసీలు వచ్చాయి. ఈనాడు తగ్గింపుగా వచ్చినది రేపు అదనపు వసూలుగా మారకూడదు. ముస్లింలలో స్వయం ఉపాధిపైన, ఇంటి వద్ద చేసే పనులపైన ఆధారపడినవారే అధికమని 2006లో సచార్ కమిటీ తేల్చింది. యజమాని ఇచ్చే బీమా మనలో కొద్దిమందికే దక్కుతోంది. దానికీ ఇటువంటి షరతులు పెడితే దక్కినది కూడా చేజారుతుంది.

మనకు ఇంతకంటే మంచి దారి ఎప్పుడో ఉంది. 1948 నాటి చట్టంతో మొదలైన ఇ.ఎస్.ఐ. పథకంలో 2019 జులై నుంచి కార్మికుని చందా జీతంలో 0.75 శాతం, యజమాని చందా 3.25 శాతం. నీవు ఏమి తింటావు, ఎన్ని అడుగులు నడుస్తావు అని ఆ పథకం అడగదు. మా బోటి గుమాస్తాలం ఏళ్ల తరబడి వైద్య ఖర్చుల బిల్లులు పరిశీలించాం. రోగం పేరు, ఆసుపత్రి పేరు, ఖర్చు, డాక్టరు సంతకం చూశాం. రోగి గుణగణాలకు ఆ కాగితాలలో గడి లేదు. ఉండి ఉంటే ఎన్ని బిల్లులు వెనక్కి పోయి ఉండేవో తలచుకుంటేనే భయం వేస్తుంది.

దురలవాట్లను మేము సమర్థించడం లేదు. పొగ మానదలచినవారికి యజమాని చేయూతనివ్వాలి, వైద్యుని చూపించాలి. అయితే కార్మికుని ఆరోగ్య వివరాలు వైద్యుని వద్దనే ఉండాలి, యజమాని బల్ల మీదికి రాకూడదు. పరీక్షలు ఇష్టపూర్వకంగా జరగాలి, కాదన్నవారి జీతంలో కోత ఉండరాదు. కార్మికుని అలవాట్లు లెక్కించే ముందు యజమాని తన కార్ఖానాలోని దుమ్మును, రాత్రి డ్యూటీలను, విరామం లేని గంటలను లెక్కించుకోవాలి. బీడీ కార్మికురాలికి ఇ.ఎస్.ఐ. వంటి రక్షణ పూర్తిగా అందాలి.

ఉన్నవాడు ఎక్కువ వేసి, లేనివాడు తక్కువ వేసి, జబ్బుపడినవాడిని అందరూ కలిసి ఆదుకోవడమే బీమా. ఆ అర్థం చెడకుండా కాపాడుకునే బాధ్యత మనందరిది.