తోమిన పైస
(ప్రసంగ పాఠం)

మైకు దొరికింది కదా అని నా ఉద్యోగం సంగతులు చెప్పి విసిగించను. పాత రాగి పైసల గురించి చెప్తాను. ఆ పిచ్చి నాకు రెంజల్ బడిలోనే అంటుకున్నది.

ఏడో తరగతిలో మా సోషల్ సారు ఇంట్లో పాత నాణేలుంటే తెమ్మన్నారు. మా అవ్వ సందుగలో ఒక గుడ్డ మూట ఉండేది. అందులో ఎక్కువ నిజాం హాలీ సిక్కాలే. నడుమ చిల్లున్న రెండు పైల బిళ్లలు, వాటి మీద హిజ్రీ సంవత్సరాలు. వాటి మధ్య ఒకే ఒక్క కల్దార్ పైస, 1858 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా. జెండాలు పట్టుకున్న రెండు సింహాలు, వాటి జూలు వెంట్రుకలతో సహా కనబడేవి. గోధుమ రంగు కింద అక్కడక్కడ కొత్త రాగి ఎరుపు. సారు మెచ్చుకోవాలని రాత్రి చింతపండు, బూడిద పెట్టి తోమిన. పొద్దున బిందెలా మెరుస్తున్నది.

సారు భూతద్దంతో చూసి, "ఎందుకు తోమినవురా?" అన్నారు. తిట్టలేదు. తిడితే మరిచిపోయేవాణ్ణేమో.

టంకశాల అచ్చు కింద నలిగినప్పుడు రాగికి ఒక మెరుపు వస్తుంది. అది పోతే మళ్లీ రాదు. గాలికి గోధుమ రంగు తిరగడం సహజం, ఆ పొర నాణేన్ని కాపాడుతుంది కూడా. పులుపు ఆ పొరను తినేస్తుంది, బూడిద గీతలు పెడుతుంది. వెండి కన్నా రాగి చాలా సున్నితం. చేతి చెమట చాలు, మరక పడుతుంది. అందుకే కంపెనీ పైసలు కోట్లలో అచ్చయినా, ఎరుపు మిగిలినవి అరుదు. ఒకే సంవత్సరం పైసలు రెండు పక్కపక్కన పెడితే, ఒకటి చిల్లరకు పోతుంది, ఇంకొకటి వేలంలో నిలబడుతుంది.

మన దిక్కు ఇంకో కారణముంది. అప్పట్లో ఇది నిజాం రాజ్యం. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దార్లకు సమానంగా ఉండేవి. బయటి పైస ఇక్కడ తక్కువ చేతులు మారేది, అందుకే కొన్ని మూటల్లో అరగకుండా ఉండిపోయాయి. కందకుర్తి సంగమంలో దొరికేవి వేరు. నీళ్లు, ఇసుక వాటి ముఖం తినేస్తాయి.

కోస్తా వైపు కథ ఇంకా పాతది. ఉత్తర సర్కార్ల కోసం 1794లోనే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద రాగి నాణేలు కొట్టించారు. రూపాయికి 48 అని వాటి మీదే రాసి ఉంటుంది. మద్రాసుకు వస్తున్న 1808 నాటి కాసులతో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే మునిగింది. 1980ల్లో బయటికి తీస్తే, పీపాల లోపలున్నవి ఎన్నో ఇప్పటికీ చదవగలిగేలా ఉన్నాయి. సముద్రం చేయని పని నా చింతపండు చేసింది!

ఒక్క హెచ్చరిక. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో 1818 అని ఉన్న "కంపెనీ అర్ధణా"కు కోట్లిస్తామని ఫోన్లు వస్తున్నాయి. కంపెనీ అలాంటి నాణెం కొట్టనే లేదు; అవి తర్వాత ఎవరో చేసి అమ్మిన బిళ్లలు. మా బ్యాచ్ మిత్రుడొకడు ముందుగా ఫీజు కట్టమంటే కట్టి, చెరుకు పైసలు పోగొట్టుకున్నాడు. సిగ్గుపడి ఏడాది దాకా ఎవరికీ చెప్పలేదు. మీకు ఫోనొస్తే కట్టే ముందు నన్నడగండి.

ఆ తోమిన పైస ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని పక్కనే తోమనిది ఒకటి, తర్వాత ఎన్నో ఏండ్లు వెతికి కొన్నది. భోజనాలప్పుడు వరండాలో బల్ల మీద రెండూ పెడతాను. అంచులు పట్టుకొని చూడండి. చేతులు తుడుచుకొని రండి, పప్పు చేత్తో మాత్రం వద్దు.