ఉద్దానం ఒకటే, నియోజకవర్గాలు రెండు
(పూండి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఉద్దానం ఏడు మండలాల్లో ఉంది. ఎక్కడికెళ్లినా అదే కొబ్బరి, అదే జీడి, అదే కిడ్నీ జబ్బు. ఓటు దగ్గర మాత్రం మనం రెండు ముక్కలం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట ఒక నియోజకవర్గం. మందస, పలాస, వజ్రపుకొత్తూరు మరొకటి. ఈ పలాస నియోజకవర్గం 2008 పునర్విభజనలో పుట్టింది.

2018 అక్టోబరు 11న తిత్లీ మన తోటలను కూల్చింది. సరిగ్గా ఆరు నెలలకు, 2019 ఏప్రిల్ 11న ఓట్లేశాం. పలాసలో వైసీపీ, ఇచ్ఛాపురంలో టీడీపీ గెలిచాయి. ఒకే గాలికి చెట్లు పోగొట్టుకున్నాం, రెండు తీర్పులిచ్చాం. అది తప్పు కాదు, ఎవరి ఓటు వారిది.

కానీ ఒకటి గమనించాలి. పలాసలో తోట రైతులతో పాటు మందస కొండ గ్రామాలు, తీరంలో మత్స్యకారులు, కాశీబుగ్గలో జీడి పరిశ్రమలు ఉన్నాయి. పిక్కల ధర పెరగాలని మనం, తగ్గాలని కొనేవారు కోరుకుంటాం. అభ్యర్థికి ఇద్దరి ఓట్లూ కావాలి. అందుకే మనం గట్టిగా అడగకపోతే మద్దతు ధర మాట ప్రచారంతోనే ఆగిపోతుంది.

గీతలు మనం చెరపలేం. కోర్కెల పత్రం మాత్రం ఒకటే చేయగలం. జీడిపిక్కలకు మద్దతు ధర, కొబ్బరికి బీమా, ప్రతి ఊరికీ మంచినీరు. ఏ పార్టీ వారైనా, రెండు చోట్లా అదే కాగితం ముందు పెడదాం. గెలిచాక అదే కాగితం పట్టుకుని వెళ్లి అడుగుదాం.