పావలా వడ్డీ తెలిసిన ఇంట్లో లెక్కల భయమెందుకు?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పులు ఎంత తీరినయ్ అన్నది నివేదికలో ఉంది. మేము ఒక్క అప్పు గురించే చెప్తాం.

మా సభ్యురాలు ఒకామె టిఫిన్ బండి నడుపుతది. బిడ్డ బీకాం పాసై, బ్యాంకు క్లర్కు పరీక్షకు కోచింగ్ పోతానన్నది. మన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ బోర్డులకు కొదవా? జిల్లాల నుంచి పిల్లలు వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నరు. సంఘం నుంచి ఫీజుకు అప్పు ఇచ్చాం. నాలుగు నెలలు పోయింది. ప్రిలిమ్స్‌లోనే తప్పింది. "కిస్తీ నేను కడతా గని, పిల్ల పుస్తకమే ముడుతలేదు అక్కా. చుట్టాలేమో పెళ్లి చెయ్యమంటున్నరు" అని తల్లి మీటింగ్‌లో ఏడ్చింది.

పిల్లను పిలిచి అడిగాం. "రీజనింగ్ వస్తది, ఇంగ్లీషు నడుస్తది. లెక్కలు నాతోని కావు" అన్నది. అప్పుడు మాలో ఒక పెద్దామె అడిగింది: "పావలా వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఎంత బిడ్డా?" పిల్ల పెన్ను తీసింది. ఈలోపు తల్లే చెప్పింది, "మూడు రూపాయలు" అని. నెలకు నూటికి పావలా, పన్నెండు నెలలకు మూడు రూపాయలు. అదే 3 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. ఇవి మనకు నోటికి వస్తయ్. మన పిల్లలకు పుస్తకంలో శాతం అని రాస్తే భయం.

ఆ రోజు నుంచి మేమూ ఆ పరీక్షను అర్థం చేసుకున్నాం. ప్రిలిమ్స్‌లో లెక్కల భాగానికి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే 1,200 సెకన్లు. ఒక్కో ప్రశ్నకు 34 సెకన్లు. క్యాలిక్యులేటర్ ఉండదు. మూడు భాగాల్లోనూ విడివిడిగా కటాఫ్ దాటాలి. రీజనింగ్‌లో ఎన్ని మార్కులొచ్చినా లెక్కలు తప్పితే లాభం లేదు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. నాలుగు తప్పులు ఒక మార్కును మింగుతయ్.

పిల్ల రాసిన మాక్ టెస్టు తెరిచి చూశాం. 33 ప్రశ్నలకు జవాబు పెట్టింది. 17 రైటు, 16 తప్పు. పదిహేడులో నాలుగు పోతే 13. ఆమెకు లెక్కలు రాక కాదు, ఏది వదిలేయాలో తెలియక పోయింది. ఐదు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెడితే ఐదింట ఒకటి తగులుతది, నాలుగు తప్పుతయ్. వచ్చిన మార్కు అక్కడికక్కడే పోతది.

కోచింగ్‌లో షార్ట్‌కట్లు బాగానే రాయించారు. నోటుబుక్ నిండింది, చేతి వేగం పెరగలేదు. వేగం ఇంట్లో రావాలి. అందుకు మూడు పనులు పెట్టుకున్నాం.

ఒకటి, నోటి లెక్క. పొద్దున పిండి రుబ్బేటప్పుడు తల్లి అడుగుతది, బిడ్డ చెప్తది. 20 దాకా ఎక్కాలు, 30 దాకా వర్గాలు. శాతాలను వంతులుగా పట్టుకోవాలి. పావలా 25 శాతం, అంటే నాలుగో వంతు. పాత బేడ రెండు అణాలు, రూపాయిలో ఎనిమిదో వంతు, అదే 12.5 శాతం. 640లో 12.5 శాతం ఎంత అంటే ఎనిమిదితో భాగించు, 80. చక్రవడ్డీ కూడా అంతే. పదివేలకు 24 శాతం చొప్పున రెండేళ్లకు బారువడ్డీ 4,800. ఏడాదికోసారి వడ్డీ కలిపే చక్రవడ్డీ అయితే 5,376. తేడా 576 ఎక్కడిది? మొదటి ఏడాది వడ్డీ 2,400 మీద మళ్లీ పడ్డ 24 శాతం. వడ్డీ మీద వడ్డీ అంటే ఏందో అప్పు చేసిన ఇంటికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు, గడియారం. రోజూ 20 నిమిషాలు ఫోన్‌లో అలారం పెట్టి, వరుసగా కాకుండా తేలికైనవి ముందు చేయాలి. సూక్ష్మీకరణలు, సంఖ్యల శ్రేణి మొదట; పట్టికల లెక్కలు తర్వాత; పడవలు, పైపుల లెక్కలు చివర. అర నిమిషంలో దారి దొరక్కపోతే వదిలేయాలి.

మూడు, తప్పుల పుస్తకం. మన సంఘం పద్దు పుస్తకంలాగే. ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: పద్ధతి రాలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, తొందరపడ్డామా. పదిరోజులకే ఆమె పుస్తకంలో తొందర అన్న మాటే ఎక్కువ కనిపించింది.

రెండు నెలల తర్వాతి మాక్ టెస్టులో 24కే జవాబు పెట్టింది. 22 రైటు, 2 తప్పు. మార్కులు 21.5. తొమ్మిది ప్రశ్నలు తక్కువ చేసి, ఎనిమిదిన్నర మార్కులు ఎక్కువ తెచ్చుకుంది.

మొన్న మళ్లీ పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా కిస్తీ ఆగలేదు, పుస్తకమూ మూయలేదు.

అక్కలారా, మా విన్నపాలు ఇవి. కోచింగ్ అప్పు ఇచ్చే ముందు బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో ఉచిత శిక్షణ ఉందేమో అడగండి. ఫీజంతా ఒకేసారి కట్టకండి, విడతలు అడగండి. ఈ క్లర్కు పరీక్షను తెలుగులోనూ రాయొచ్చని పిల్లలకు చెప్పండి. సమాఖ్య గదిని సాయంత్రం రెండు గంటలు చదువుకునే ఆడపిల్లలకు తెరవాలని తీర్మానం చేయండి. ఇంట్లో గిన్నెలు, నీళ్లు, తమ్ముళ్ల పని ఆ పిల్ల మీదే వేసి, మార్కులు ఎందుకు రాలేదని అడగొద్దు. రోజుకు ఒక గంట ఆమెకు వదిలేయండి. ఆ గంట కూడా మనం పెట్టే పొదుపే.