మామిడిచెట్టును చంపిన దెవరు?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ స్థలములోని మామిడిచెట్టు ఎండిపోయినచో మనము సాధారణముగా దానిని వేలము వేయుదుము. పాడుకొనినవాడు చెట్టును కొట్టి, బెరడుతోనే బండి కెక్కించి పొరుగూరికి తీసికొనిపోవును. పంచాయతీ ఖాతాలో కొంత సొమ్ము జమ యగును. ఆ బెరడు క్రింద ఏమున్నదో మాత్రము ఎవరును అడుగరు. నేడు మేము మనవి చేయదలచినది ఆ విషయమే.

ఒమాన్ దేశములోని అల్ బాతినా తీరమున 1998లో మామిడిచెట్లు ఉన్నట్లుండి ఎండసాగెను. కాండము నుండి బంక కారెను. ఎండిన ఆకులు రాలక కొమ్మలకే వ్రేలాడెను. బెరడు మీద సూదితో పొడిచినట్లు సన్నని రంధ్రములు, బెరడు క్రింద రెండు మిల్లీమీటర్లకు మించని పెంకు పురుగులు కనబడెను. పాకిస్తాను తోటలలోను ఇట్టి తెగులే వచ్చెను.

పురుగే చెట్టును చంపినదని తోచుట సహజము. కాని అసలు చంపునది పురుగు వెంట వచ్చు శిలీంధ్రము, అనగా ఒక విధమైన బూజు. అది చెట్టులో నీరు పైకెక్కు నాళములలో వ్యాపించి కొయ్యను నల్లబరచును. నీరందక చెట్టు వడలిపోవును.

అయితే చచ్చిన కొయ్య మీద బూజులు అనేకము పెరుగును. పీనుగు చుట్టు చేరిన వారందరును హంతకులు కారు గదా! అసలు దోషిని పట్టుటకు శాస్త్రజ్ఞులు చేయు పని మిక్కిలి సులువుగా కనబడును. నల్లబడిన కొయ్యముక్కను రెండు క్యారెట్టు బిళ్ళల నడుమ పెట్టి తేమగా ఉంచుదురు. కొలది దినములలో బిళ్ళ మీద పొడవైన మెడగల నల్లని బుడ్లవంటివి లేచును. ఒక్కొక్క మెడ కొసను జిగురుబొట్టు నిలుచును. ఆ బొట్టు నిండ సిద్ధబీజములే. ఆ జిగురు వలననే అవి పురుగు ఒంటికి అంటుకొనును.

అంతటితో నేరము రుజువు కాదు. ఆ బూజును వేరుగా పెంచి ఆరోగ్యముగా నున్న మామిడిమొక్కకు అంటించవలెను. మొక్క అదే విధముగా ఎండవలెను. దాని నుండి మరల అదే బూజు రావలెను. ఇట్లు తేలిన శిలీంధ్రమునకు 2007లో సెరటోసిస్టిస్ మాంజినెకాన్స్ అని పేరు పెట్టిరి. మామిడిని చంపునదని దాని అర్థము. ఇది ప్రత్యేక జాతి కాదనియు, పూర్వము తెలిసిన సెరటోసిస్టిస్ ఫింబ్రియాటాయే యనియు వాదించిన వారును కలరు. దీనిని ఒమానులో బెరడు పురుగు మోయుచున్నదని 2013 నాటికి ప్రయోగములు చూపినవి.

ఇది పరాయి దేశపు ముచ్చట యని ఊరకుండరాదు. కర్ణాటక, మహారాష్ట్ర రాష్ట్రములలో దానిమ్మతోటలను ఎండించిన శిలీంధ్రము ఈ వర్గములోనిదే.

కావున మీ గ్రామములో మామిడి గాని దానిమ్మ గాని అకస్మాత్తుగా వడలినచో, వేలమునకు ముందు ఉద్యాన అధికారికి తెలుపుడు. పూర్తిగా ఎండిన పుల్లను పంపవలదు. అందు తరువాత చేరిన బూజులే దొరకును. నల్లచార, పచ్చికొయ్య కలియు చోట ముక్క కోసి, కాగితములో చుట్టి, ఎండ తగులనీయక వెంటనే పంపుడు. బెరడు క్రింది పురుగులను చిన్న సీసాలో వేరుగా ఉంచుడు. కోసిన కత్తిని శుభ్రపరచక మరియొక చెట్టుకు తాకించకుడు.

తెగులు ఇదియే యని తేలినచో ఆ చెట్టును అక్కడనే కొట్టి కాల్చివేయవలెను. పూర్తిగా వడలిన చెట్టును బ్రతికించు మందు లేదు. వేలపు సొమ్ము పోయెనని సభలో ఎవరైన అడిగినచో, బెరడుతో పోవు ప్రతి దుంగయు పొరుగూరి తోటకు చేటు తేగలదని చెప్పుడు. నేడు మన దుంగ పొరుగూరికి పోయిన దారినే రేపు వారి దుంగ మన ఊరికి వచ్చును.