సైనికుడు ఇంటి నుండి కోరే వస్తువులు
(తుళ్లూరులో సైనిక కుటుంబాల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)





సైనికుల గురించి సభ అనగానే మనం బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్‌ను, హవల్దార్ అబ్దుల్ హమీద్‌ను తలచుకుంటాము. 1948లో జమ్మూకాశ్మీర్ రణరంగంలో ఒకరు, 1965లో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో మరొకరు అమరులయ్యారు. వారిని స్మరించుకోవడం మన బాధ్యత. అయితే ఈనాడు మేము మాట్లాడదలచినది అంతకంటె చిన్నదిగా కనిపించే విషయం. సైన్యంలో ఉన్న బిడ్డ ఇంటికి కబురుచేసి అడిగే వస్తువుల గురించి, వాటికి ఇల్లు ఇవ్వవలసిన జవాబు గురించి.

తెలుగువారికీ సైనిక వృత్తికీ ఉన్న బంధం పాతది. ఉత్తర హిందుస్తానంలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు. దక్షిణాదిన కంపెనీ కొలువులో చేరిన తెలుగు సిపాయిల వల్ల వచ్చిన పేరది. కాని ఆ తొలి సిపాయిలు తమ ఇళ్లకు ఏమని రాశారో, ఏమి అడిగారో మనకు దాదాపు ఏమీ మిగలలేదు. సైనికుల ఉత్తరాలు పెద్ద సంఖ్యలో భద్రమైనది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో. అదీ వారి మీద ప్రేమతో కాదు, అనుమానంతో. 1914లో భారత సైనికులు ఫ్రాన్సులో దిగిన తరువాత వారి ఉత్తరాలను చదవడానికి ఆంగ్ల ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక సెన్సారు కార్యాలయాన్ని నెలకొల్పింది. 1915 మార్చి నాటికి వారానికి 10,000 నుండి 20,000 వరకు ఉత్తరాలు ఆ సైనికుల నుండి బయలుదేరేవి. వాటిలోని ముఖ్య భాగాలను అనువదించి నివేదికలలో చేర్చారు. ఆ నివేదికలు నేటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఎక్కువ భాగం ఉత్తరాది సైనికులవే అయినా, వాటిలోని తపన ఏ ప్రాంతపు ఇంటికైనా అర్థమవుతుంది.

చదివేవాడు ఒకడున్నాడని తెలిసినప్పుడు మనిషి మామూలు మాటల చాటున అసలు మాట చెబుతాడు. ఆ ఉత్తరాలలో కొందరు సైనికులు నల్ల మిరియాలు అయిపోవచ్చాయనీ, ఎర్ర మిరప ఇంకా ఉన్నదనీ రాశారు. నల్ల మిరియాలంటే భారత సైనికులు, ఎర్ర మిరప అంటే తెల్ల సైనికులు. మిరప పండించే ఈ నేల మీద ఆ మాట విన్నప్పుడు గుండె కలుక్కుమంటుంది. వంటింటి సరుకుల పేరుతో ఆ సైనికులు చావుల లెక్క పంపారు.

వారిలో అందరూ వీరగాథల మనుషులు కారు. చర్మాన్ని పుండుచేసే నల్లజీడి గింజలు పంపమని ఇంటికి రాసినవారూ ఉన్నారు. పుండు పడితే మళ్లీ కందకాలలోకి వెళ్లనక్కరలేదన్న ఆశ వారిది. దీనిని పిరికితనమని కొట్టివేయడం తేలిక. తమది కాని యుద్ధంలో, తమది కాని చలిలో చిక్కుకున్న రైతుబిడ్డలు తమ ఊరి చెట్టు కాయను శరణు కోరారని మేము అనుకుంటాము.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. నేడు ఉత్తరం స్థానంలో ఫోను వచ్చింది. కాని సరిహద్దున ఉన్న బిడ్డ తానెక్కడ ఉన్నదీ చెప్పకూడదు. ఇంటి నుండి వెళ్లే పార్శిలు మీద కూడా సైనికుని నంబరు, హోదా, పేరు, యూనిట్, ఆపైన 56 ఏపీవో లేదా 99 ఏపీవో అనే రాస్తాము. ఊరి పేరు ఉండదు. కనుక తల్లి అతడు అడిగిన వస్తువులను బట్టే జాడ పోల్చుకుంటుంది. ఉన్ని మేజోళ్లు అడిగితే చలి ప్రదేశమని గ్రహిస్తుంది. కొరివికారం, గోంగూర పచ్చడి అడిగితే అక్కడి కూడు నోటికి ఎక్కడం లేదని గ్రహిస్తుంది. జానిమాజ్, తస్బీహ్ అడిగితే మనసు నిలకడ కోరుతున్నదని గ్రహిస్తుంది. సైన్యం మంచి కంబళ్లే ఇస్తుంది. అయినా పాత చీరలతో అమ్మ కుట్టిన బొంత కావాలని అడిగే బిడ్డకు కావలసినది వెచ్చదనం ఒక్కటే కాదు. తరతరాలుగా దూది ఏకిన కుటుంబాలున్న ఈ పత్తి సీమకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

సోదరులారా, ఈ కోరికలన్నిటినీ మన ఇళ్లు ఆనందంగా తీరుస్తాయి. ఎవరూ తొందరపడనిది మరొక కోరిక విషయంలో. "నిఖానామా నకలు పంపండి, ఆమె ఆధార్ పంపండి, ఇద్దరం కలిసి దిగిన ఫోటో పంపండి, పాప జనన ధ్రువపత్రం పంపండి" అని బిడ్డ అడుగుతాడు. పచ్చడి జాడీ వారంలో బయలుదేరుతుంది. నిఖానామా ఏళ్ల తరబడి బీరువాలోనే ఉంటుంది.

ఆ కాగితాలు వెళితే యూనిట్ వారు పార్ట్ టూ ఆర్డరు ప్రచురించి భార్యాబిడ్డల పేర్లను అతని సేవా రికార్డులో ఎక్కిస్తారు. వెళ్లకపోతే, ప్రభుత్వ లెక్కలో అతడు అవివాహితుడే. మన ఇళ్లలో పేర్ల చిక్కు ఒకటి అదనంగా ఉన్నది. 'షేక్' అనే ఇంటిపేరును ఆంగ్లంలో బడి ధ్రువపత్రంలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా రాస్తారు. పెళ్లికి ముందు 'బీ' అని ఉన్న పేరు తరువాత 'బేగం' అవుతుంది. ఇంట్లో ఎవరికీ పట్టని ఈ తేడా, కార్యాలయపు బల్ల మీద ఇద్దరు వేర్వేరు మనుషులుగా మారుతుంది.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. ఇంటి నుండి వెళ్లిన వస్తువులు ఒక్కొక్కసారి అతడు లేకుండా తిరిగి వస్తాయి. సైనికుడు మరణించినప్పుడు అతని సొంత వస్తువులను ఏమి చేయాలో 1950 నాటి ఒక చట్టం నిర్దేశిస్తుంది. అధికారుల కమిటీ ఒకటి వాటిని స్వాధీనం చేసుకుని, ఒక్కొక్కటిగా లెక్క రాస్తుంది. జానిమాజ్, గడియారం, బొంత అన్నీ ఆ లెక్కలో వరుసకు వస్తాయి. వాటిని అందుకోవలసినది ఎవరు? కుటుంబ పింఛను కోసం ఏ పేరు వెతుకుతారు? కుటుంబ పింఛను పంచుకునే వారసత్వ ఆస్తి కాదు. నియమాల ప్రకారం అర్హులైన కుటుంబ సభ్యులకు అది దక్కే హక్కు. రికార్డులో పేరు లేని భార్య ఆ హక్కును నిరూపించుకోవడానికి, దుఃఖంలో ఉండగానే కార్యాలయాల మెట్లు ఎక్కవలసి వస్తుంది.

సేవ చేసిన మాట నిజమైతే కాగితాలు ఎందుకని ఎవరైనా అడిగితే, 2019లో అస్సాంలో జరిగినది వారికి చెప్పండి. దాదాపు 30 ఏళ్లు సైన్యంలో పనిచేసిన మొహమ్మద్ సనావుల్లాను ట్రిబ్యునల్ విదేశీయునిగా తేల్చింది. ఆయనను నిర్బంధ కేంద్రానికి తరలించారు. గౌహతి హైకోర్టు బెయిలు ఇచ్చిన తరువాతనే ఆయన ఇల్లు చేరారు. ఒక పౌరుడు ఇంతగా రుజువు చేసుకోవలసి రావడం అన్యాయం. ఆ అన్యాయాన్ని ప్రశ్నిస్తూనే ఉందాం. ప్రశ్నించేవాని చేతిలో కాగితం ఉండడం కూడా అవసరమే. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగిన తుళ్లూరు ప్రజలకు కాగితం విలువ మేము బోధించనక్కరలేదు. సెంటు భూమికి చూపిన జాగ్రత్తను కోడలి పేరుకు కూడా చూపమని మాత్రమే కోరుతున్నాము.

చేయవలసినవి కొన్నే. నిఖా జరిగిన నెలలోనే నిఖానామా నకలును బిడ్డకు పంపాలి. అది ఉర్దూలోనే ఉంటే ఆంగ్ల అనువాదం చేయించి జతపరచాలి. పేర్లలో తేడాలుంటే, బిడ్డ కొలువులో ఉండగానే సరిచేయించాలి. కాన్పు జరిగిన ప్రతిసారీ జనన ధ్రువపత్రం పంపాలి. పార్ట్ టూ ఆర్డరు నకలు ఒకటి తిరిగి ఇంటికి పంపమని బిడ్డను అడగాలి. అతడు మనలను ఇన్ని అడుగుతున్నప్పుడు మనం అతనిని అడగవలసినది ఇదొక్కటే. సందేహం వస్తే గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అత్తమామలు ఒక్కరే వెళ్లకుండా కోడలిని కూడా వెంట తీసుకువెళ్లండి. ఆమె హక్కు ఆమెకు తెలియాలి.

మరొక్క మాట. బిడ్డ రాసిన పాత ఉత్తరాలు ఉంటే పారవేయకండి. ఆనాటి సైనికుల మాటలను అనుమానించిన ప్రభుత్వం దాచింది. మన బిడ్డల మాటలను ప్రేమించే ఇల్లు దాచాలి. ఈ వారం కట్టే పార్శిలులో పచ్చడి జాడీతో పాటు ఆ నిఖానామా నకలు కూడా పెట్టండి.